పాత వీడియో గేముల సేకరణ మార్కెట్: ధరల పెరుగుదల

1970ల చివరి నుంచి 2000ల తొలి సంవత్సరాల దాకా వెలువడిన వీడియో గేములను, వాటిని ఆడే యంత్రాలను, అట్టపెట్టెలూ మాన్యువళ్లతో సహా వెతికి కొని దాచుకునే అభిరుచిని పాత వీడియో గేముల సేకరణ అంటారు. ఉత్తర అమెరికా, జపాన్, పశ్చిమ ఐరోపా దేశాల్లో ఈ అభిరుచి చాలాకాలం పాత సామాన్ల దుకాణాల్లో, ఇళ్ల ముందు పెట్టే అమ్మకాల్లో చిల్లర ఖర్చుతో సాగిపోయింది. 2010 తర్వాత ధరలు క్రమంగా పెరిగాయి. 2020, 2021 సంవత్సరాల్లో ఒక్కసారిగా ఎగబాకాయి. 2021 జులైలో సీలు విప్పని 'సూపర్ మారియో 64' కాపీ ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకం రేటు ప్రకారం అది పదకొండున్నర కోట్ల రూపాయల పైమాటే. ఆ తర్వాత స్థితికి అంకె (గ్రేడు) వేయించిన సీలు కాపీల ధరలు తగ్గాయి కానీ, మామూలు ఆటగాళ్లు కొనుక్కునే పాత గేముల ధరలు పూర్వస్థితికి రాలేదు.

బయటికి ఒక్కటిగా కనిపించే ఈ మార్కెట్టులో నిజానికి రెండు వ్యాపారాలున్నాయి. ఒకటి ఆడుకోవడానికి కొనేవాళ్లది. రెండోది ఎన్నడూ తెరవని పెట్టెను ఆస్తిగా కొనేవాళ్లది. ధర పెరగడానికీ పడిపోవడానికీ కారణాలు రెండింటిలో వేరు. చివరికి నష్టపోయే మనుషులు కూడా వేరు. ఈ తేడా తెలియకపోతే పత్రికల్లో వచ్చే రికార్డు ధరలు చూసి అటకమీది పాత గేములన్నీ నిధులే అనుకునే ప్రమాదం ఉంది.

వర్గీకరణ, వాడుక పదాలు

సేకర్తలు ఒక గేమును మూడు స్థితుల్లో చూస్తారు. పెట్టె, మాన్యువల్ లేకుండా కార్ట్రిడ్జ్ లేదా డిస్కు మాత్రమే ఉంటే దాన్ని 'లూజ్' అంటారు. పెట్టె, మాన్యువల్, లోపలి కాగితాలు అన్నీ ఉంటే 'కంప్లీట్ ఇన్ బాక్స్'. కార్ఖానా నుంచి వచ్చిన ప్లాస్టిక్ చుట్టు చిరగకుండా ఉంటే 'సీల్డ్'. ఒకే గేముకు ఈ మూడు స్థితుల మధ్య ధర ఎన్నో రెట్లు మారుతుంది.

దీనికి కారణం పిల్లల అలవాట్లలోనే ఉంది. నింటెండో సంస్థ 1980లు, 90లలో అమెరికాలో అమ్మిన గేములు పల్చని అట్టపెట్టెల్లో వచ్చేవి. కొన్న రోజే పెట్టె చింపి పారేయడం, మాన్యువల్ ఎక్కడో పోగొట్టడం ప్రతి ఇంట్లో జరిగిన పనే. కార్ట్రిడ్జ్ గట్టి ప్లాస్టిక్కుది కాబట్టి మిగిలింది, అట్ట మిగల్లేదు. సెగా జెనెసిస్ గేములు చాలావరకు గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో రావడంవల్ల పెట్టెతో సహా ఇప్పటికీ ఎక్కువగా దొరుకుతాయి.

గేము ఏ ప్రాంతానికి చెందినదన్నది కూడా ముఖ్యమే. జపాన్, ఉత్తర అమెరికా, ఐరోపా విడుదలలు వేరువేరు సంఖ్యల్లో, వేరువేరు పెట్టెల్లో వచ్చాయి. ఒక ప్రాంతంలో బంగారంలా చూసుకునే గేము ఇంకో ప్రాంతంలో అందుబాటు ధరకే దొరకవచ్చు.

చారిత్రక నేపథ్యం

ఇళ్లలో ఆడే వీడియో గేములు 1972లో మ్యాగ్నవాక్స్ ఒడిస్సీతో మొదలయ్యాయి. 1977లో వచ్చిన అటారీ 2600తో కార్ట్రిడ్జులు మార్చి ఆడే పద్ధతి స్థిరపడింది. నాసిరకం గేములు వెల్లువెత్తడంతో 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలింది. ఏటా మూడు వందల కోట్ల డాలర్లకు పైగా ఉన్న వ్యాపారం రెండేళ్లలో పది కోట్ల డాలర్ల స్థాయికి పడిపోయింది. అమ్ముడుపోని సరుకును అటారీ సంస్థ న్యూ మెక్సికో రాష్ట్రంలోని అలమగోర్డో పట్టణ చెత్తదిబ్బలో పూడ్చిపెట్టింది. 2014 ఏప్రిల్‌లో అక్కడ తవ్వకం జరిపి సుమారు 1,300 కార్ట్రిడ్జులు బయటికి తీశారు. పట్టణ పాలకులు వాటిలో కొన్ని వందలు అమ్మితే లక్ష డాలర్లకు పైగా వచ్చాయి. అత్యంత చెత్త గేముల్లో ఒకటిగా పేరుపడిన 'ఈ.టీ.' కార్ట్రిడ్జ్ ఒకటి స్మిత్‌సోనియన్ మ్యూజియం సేకరణలో చేరింది. ముప్పై ఏళ్ల కిందట ఎవరికీ అక్కరలేక మట్టిలో కలిపిన సరుకు చారిత్రక వస్తువుగా అమ్ముడుపోవడం ఈ రంగంలో వచ్చిన మార్పుకు తిరుగులేని నిదర్శనం.

నింటెండో 1983లో జపాన్‌లో ఫ్యామికామ్‌ను, 1985 అక్టోబరులో న్యూయార్క్‌లో దాని అమెరికా రూపమైన ఎన్.ఇ.ఎస్.ను విడుదల చేసింది. తర్వాతి పదిహేనేళ్లలో సెగా జెనెసిస్, సూపర్ నింటెండో, ప్లేస్టేషన్, నింటెండో 64, డ్రీమ్‌కాస్ట్ వరుసగా వచ్చాయి. కొత్త యంత్రం వచ్చినప్పుడల్లా పాతదాన్ని, దాని గేములను దుకాణంలో చవకగా ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవడం అమెరికా కుటుంబాల్లో మామూలు. 1990ల చివర్లో సేకరణ మొదలుపెట్టినవారికి ఆ అలవాటే వరమైంది. అప్పట్లో కొన్ని డాలర్లకు ఎన్.ఇ.ఎస్. గేములు సంచుల కొద్దీ దొరికేవి.

1995లో మొదలైన ఈబే వేలం వేదిక ఈ పరిస్థితిని మార్చింది. ఏ ఊళ్లో ఏముందో ప్రపంచమంతటికీ తెలిసిపోయింది. 2000ల మధ్య నుంచి యూట్యూబ్ వీడియోలు మరుగునపడ్డ గేములను కొత్తతరానికి పరిచయం చేశాయి. ఈబే అమ్మకాల ఆధారంగా రోజువారీ ధరలు చూపే 'ప్రైస్‌చార్టింగ్' వంటి సేవలు వచ్చాక అమ్మేవారికీ కొనేవారికీ ఒకే రేటు కనబడసాగింది. గుడ్‌విల్ వంటి ధార్మిక సంస్థల దుకాణాలు కూడా విలువైన గేములను విడిగా తీసి ఆన్‌లైన్ వేలానికి పెట్టడం మొదలుపెట్టాయి. తెలియనివారి దగ్గర తెలిసినవారు చవకగా కొనే రోజులు అక్కడితో చాలావరకు ముగిశాయి.

ధరను నిర్ణయించే అంశాలు

గేము బాగుంటే ధర ఎక్కువ, బాగోకపోతే తక్కువ అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. ధరను ప్రధానంగా నాలుగు అంశాలు నిర్ణయిస్తాయి: ఎన్ని కాపీలు తయారయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఆ గేమును గుర్తుపెట్టుకున్నవారు ఎందరు.

అరుదుదనం ఎంత బలమైనదో 'స్టేడియం ఈవెంట్స్' చెబుతుంది. బండాయ్ సంస్థ 1987లో ఎన్.ఇ.ఎస్. కోసం అమ్మిన ఈ పరుగుపందేల గేమును కాళ్లతో తొక్కి ఆడే చాపతో ఆడాలి. నింటెండో ఆ చాప హక్కులు కొనుక్కుని, గేమును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకుని, 'వరల్డ్ క్లాస్ ట్రాక్ మీట్' అన్న పేరుతో మళ్లీ విడుదల చేసింది. వెనక్కి పోకుండా మిగిలిన కొద్ది అమెరికా కాపీల్లో సీలు విప్పనిది ఒకటి 2010లో ఈబేలో 41,300 డాలర్లకు పోయింది. అదే ఆటను రెండో పేరుతో కొంటే కొద్ది డాలర్లు చాలు. తెరమీద ఆడేది రెండింటిలోనూ ఒకటే, ఖరీదంతా లేబులుదే.

1990 నాటి 'నింటెండో వరల్డ్ ఛాంపియన్‌షిప్స్' కార్ట్రిడ్జులది ఇంకో తరహా. అమెరికా నగరాల్లో జరిగిన పోటీల కోసం చేసిన ఈ కార్ట్రిడ్జులో మూడు గేముల ముక్కలుంటాయి. వాటిని 6 నిమిషాల 21 సెకన్లలో ఆడాలి. పోటీ చివరి దశకు చేరినవారికి 90 బూడిదరంగు కాపీలు ఇచ్చారు. నింటెండో పత్రిక నిర్వహించిన పోటీలో 26 బంగారు రంగు కాపీలు పంచారు. దుకాణంలో ఎన్నడూ అమ్మని వస్తువు కాబట్టి ఇది ఎప్పుడు అమ్మకానికొచ్చినా వేల డాలర్లు పలుకుతుంది.

అమ్మకాల్లో విఫలమై తర్వాత అభిమానం సంపాదించుకున్న గేములు మరో వర్గం. 1995లో అమెరికాలో విడుదలైన 'ఎర్త్‌బౌండ్' అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. దాని విచిత్రమైన కథ, హాస్యం తర్వాతి తరాలను ఆకట్టుకున్నాయి. ఇప్పుడు లూజ్ కార్ట్రిడ్జే వందల డాలర్లు. పెద్ద పెట్టె, దానిలోని గైడు పుస్తకంతో కలిపితే అంతకు ఎన్నో రెట్లు. 1998లో సెగా సాటర్న్ ఆఖరిదశలో వచ్చిన 'పంజర్ డ్రాగూన్ సాగా' అమెరికాలో తక్కువ కాపీలే అచ్చయింది. తర్వాత ఏ యంత్రానికీ మళ్లీ విడుదల కాలేదు. చట్టబద్ధంగా ఆడాలంటే ఆ నాలుగు డిస్కుల సెట్టే దిక్కు కాబట్టి దాని ధర ఆకాశంలోనే ఉంది.

తయారీదారుల పేరు పెరగడం కూడా ధరను పెంచుతుంది. 'డార్క్ సోల్స్'తో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ ప్రపంచ ప్రఖ్యాతి పొందాక, ఆ సంస్థ 2004లో ప్లేస్టేషన్ 2 కోసం చేసిన 'కువాన్' అనే భయానక గేమును వెతికేవారు పెరిగారు. ఒకప్పుడు ఎవరూ పట్టించుకోని డిస్కు వందల డాలర్లకు చేరింది.

పెరుగుదలకు కారణాలు

మొదటి కారణం వయసు. 1980లు, 90లలో ఈ గేములు ఆడిన పిల్లలు 2010ల నాటికి ముప్పై, నలభై ఏళ్లవారయ్యారు. చేతిలో సంపాదన ఉంది, చిన్ననాటి మీద మమకారం ఉంది. తరం మారినప్పుడల్లా గిరాకీ ఒక యంత్రం నుంచి తర్వాతి యంత్రానికి జరుగుతుంది. ఒకప్పుడు అటారీ, తర్వాత ఎన్.ఇ.ఎస్., ఆ తర్వాత సూపర్ నింటెండో, ఇప్పుడు గేమ్‌క్యూబ్, ప్లేస్టేషన్ 2 గేముల వంతు. 2005లో గేమ్‌క్యూబ్‌పై వచ్చిన 'ఫైర్ ఎంబ్లమ్: పాత్ ఆఫ్ రేడియన్స్' ఇలా గిరాకీ పెరిగిన గేముల్లో ఒకటి.

రెండో కారణం సరఫరా. పాత గేములు మళ్లీ తయారు కావు. ఏటా కొన్ని పాడైపోతాయి, కొన్ని చెత్తలోకి పోతాయి, కొన్ని సేకర్తల అలమరల్లోకి చేరి మార్కెట్ నుంచి మాయమవుతాయి. ఉన్నవాటిలో అమ్మకానికి వచ్చేవి తగ్గుతూ, కొనేవారు పెరుగుతూ ఉంటే ధర పెరగక తప్పదు.

మూడోది కోవిడ్ మహమ్మారి. 2020 వసంతంలో అమెరికా, ఐరోపాల్లో జనం ఇళ్లలో చిక్కుకుపోయారు. ప్రయాణాలకూ సినిమాలకూ ఖర్చుపెట్టే డబ్బు మిగిలింది. అమెరికా ప్రభుత్వం పౌరులకు నేరుగా నగదు సాయం పంపింది. చిన్నప్పటి గేములు మళ్లీ ఆడాలన్న కోరిక ఒకేసారి లక్షలమందికి కలిగింది. ఆ ఒక్క ఏడాదిలోనే మామూలు లూజ్ కార్ట్రిడ్జుల ధరలు కూడా స్పష్టంగా పెరిగాయి. అదే కాలంలో క్రీడాకారుల కార్డులు, పోకెమాన్ కార్డులు, కామిక్ పుస్తకాల ధరలూ ఎగిశాయి. సేకరణ వస్తువులను షేర్లలా చూసే పెట్టుబడిదారులు వీడియో గేముల వైపూ తిరిగారు.

నాలుగోది డిజిటల్ దుకాణాల మూత. నింటెండో తన వీ (Wii) యంత్రపు దుకాణాన్ని 2019 జనవరిలో, వీ యూ, 3డీఎస్ యంత్రాల దుకాణాలను 2023 మార్చిలో మూసేసింది. ఆ యంత్రాల్లోకి డబ్బిచ్చి పాత గేములు దింపుకునే దారి అలా మూసుకుపోయింది. ఇంటర్నెట్‌లో కొన్నది శాశ్వతం కాదని తెలిసొచ్చిన ఆటగాళ్లు చేతికి అందే వస్తువు వైపు మళ్లారు.

గ్రేడింగ్, రికార్డు వేలాలు

నాణేలకూ కామిక్ పుస్తకాలకూ చాలాకాలంగా ఉన్న గ్రేడింగ్ పద్ధతి 2008లో వీడియో గేమ్ అథారిటీ అనే సంస్థతో వీడియో గేములకు వచ్చింది. గేమును నిపుణులు పరిశీలించి, అసలుదో కాదో తేల్చి, స్థితికి అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇస్తారు. ఆ తర్వాత వచ్చిన వాటా గేమ్స్ సంస్థ పెట్టెకు 10 వరకు అంకె, ప్లాస్టిక్ చుట్టుకు ఎ++ వరకు అక్షరం ఇచ్చే పద్ధతి తెచ్చింది. డాలస్‌లోని హెరిటేజ్ ఆక్షన్స్ 2019 నుంచి వాటా గ్రేడు వేసిన గేములను తన వేలాల్లో పెట్టింది. అంతవరకు ఆటగాళ్ల అభిరుచిగా ఉన్నది అక్కడినుంచి పెట్టుబడి సాధనంగా మారింది.

2019 ఫిబ్రవరిలో తొలి న్యూయార్క్ విడుదల నాటి స్టిక్కర్ సీలున్న 'సూపర్ మారియో బ్రదర్స్' కాపీ ఒకటి 1,00,150 డాలర్లకు అమ్ముడైంది. 2020లో అదే గేము మరో కాపీ 1,14,000 డాలర్లు, 'సూపర్ మారియో బ్రదర్స్ 3' కాపీ 1,56,000 డాలర్లు పలికాయి. సోనీ, నింటెండో కలిసి 1990ల మొదట్లో తయారుచేసి వదిలేసిన 'నింటెండో ప్లేస్టేషన్' నమూనా యంత్రం అదే ఏడాది మార్చిలో 3,60,000 డాలర్లకు వెళ్లింది. 2021 ఏప్రిల్‌లో ఒక 'సూపర్ మారియో బ్రదర్స్' కాపీ 6,60,000 డాలర్లు తెచ్చింది. క్రిస్మస్ కానుకగా కొని, ఇవ్వకుండా బల్ల సొరుగులో మరిచిపోయిన కాపీ అది. జులైలో 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' తొలిముద్రణల కాపీ ఒకటి 8,70,000 డాలర్లు పలికితే, రెండు రోజులకే 'సూపర్ మారియో 64' దాన్ని దాటి 15.6 లక్షల డాలర్లకు చేరింది. ఈ చివరి మూడు ధరల్లో కొనుగోలుదారు వేలం సంస్థకు అదనంగా చెల్లించిన 20 శాతం రుసుము కూడా ఉంది. ఆగస్టులో ర్యాలీ అనే సంస్థ తన దగ్గరున్న 'సూపర్ మారియో బ్రదర్స్' కాపీని 20 లక్షల డాలర్లకు అమ్మింది. ఒక వస్తువును వాటాలుగా విడగొట్టి చాలామందికి అమ్మే ఆ సంస్థ, అంతకు ఏడాది ముందు ఆ కాపీని 1,40,000 డాలర్లకు కొన్నది.

ఈ జాబితాలో ఒక విచిత్రం ఉంది. 'సూపర్ మారియో బ్రదర్స్' నాలుగు కోట్ల కాపీలకు పైగా, 'సూపర్ మారియో 64' కోటికి పైగా అమ్ముడైన గేములు. గేముగా అవి అరుదైనవే కావు. అరుదైనది దశాబ్దాలుగా నలగని అట్ట, చిరగని ప్లాస్టిక్. కొన్నవారు డబ్బు పోసింది ఆ స్థితికీ, దానికి వేసిన అంకెకూ.

ఆరోపణలు, పతనం

ధరలు ఇంత వేగంగా పెరగడం చూసి సేకర్తలకే అనుమానం వచ్చింది. 2021 ఆగస్టులో యూట్యూబ్‌లో వెలువడిన ఒక పరిశోధనాత్మక వీడియో, గ్రేడింగ్ సంస్థకూ వేలం సంస్థకూ మధ్య సంబంధాలను ప్రశ్నించింది. 2019 నాటి లక్ష డాలర్ల కాపీని కలిసి కొన్న ముగ్గురిలో హెరిటేజ్ సహ వ్యవస్థాపకుడు ఒకరన్న సంగతిని అది మళ్లీ చర్చకు తెచ్చింది. రెండు సంస్థలూ ఆ ఆరోపణలను ఖండించాయి. 2022 మేలో కాలిఫోర్నియాలో వాటా గేమ్స్‌పై కొందరు వినియోగదారులు సామూహిక దావా వేశారు.

ఎవరి మాట నిజమన్నది పక్కన పెట్టినా, మార్కెట్ నిర్మాణంలో లోపాలు కళ్లకు కడుతున్నాయి. గ్రేడింగ్ రుసుము గేము విలువను బట్టి పెరిగితే, విలువ పెరగడం గ్రేడు వేసేవారికీ లాభమే. ఒక గ్రేడులో ఎన్ని కాపీలున్నాయో చెప్పే పట్టికను వాటా గేమ్స్ 2021 వేసవికి ఇంకా బయటపెట్టలేదు. అంటే ఒకటే ఉందనుకుని లక్షలు పోసినవారికి, రేపు అదే గ్రేడుతో మరో పది కాపీలు వస్తాయేమో తెలిసే దారి అప్పట్లో లేదు. రికార్డు ధరల వార్తలు చూసి పాత దుకాణాల గోదాముల్లో మిగిలిన సీలు కాపీలు గ్రేడింగుకు వరుసకట్టాయి. సరఫరా పెరిగింది, మహమ్మారి నాటి తేలిక డబ్బు ఆగింది, వడ్డీ రేట్లు పెరిగాయి. 2022 నుంచి గ్రేడు వేసిన గేముల ధరలు జారిపోయాయి. శిఖరం మీద కొన్నవారు నష్టపోయారు.

లూజ్ కార్ట్రిడ్జుల మార్కెట్టు మాత్రం అలా కూలలేదు, ఎందుకంటే వాటిని కొనేవారు వాటిని వాడుతున్నారు. మహమ్మారి కాలపు పెరుగుదల కొంత సర్దుకున్నా, పేరున్న గేముల ధరలు 2019 నాటికంటే పైనే నిలిచాయి.

జపాన్ మార్కెట్

జపాన్‌లో పాత గేములు ఎప్పుడూ గౌరవంగానే అమ్ముడయ్యేవి. టోక్యోలోని అకిహబారా, ఒసాకాలోని డెన్ డెన్ టౌన్ వీధుల్లో సూపర్ పొటేటో, మందరాకే వంటి దుకాణాలు, ఊళ్ల శివార్లలో హార్డ్ ఆఫ్ దుకాణాలు ఈ వ్యాపారానికి ఆటపట్లు. పెట్టె, మాన్యువల్ జాగ్రత్తగా దాచే అలవాటు అక్కడ ఎక్కువ. కాబట్టి పూర్తి సెట్లు అమెరికాకంటే చవకగా దొరికేవి. ఈ సంగతి తెలిసిన విదేశీ సేకర్తలు జపాన్ పర్యటనల్లో సూట్‌కేసులు నింపుకుని వెళ్లేవారు.

2022 నుంచి యెన్ విలువ బాగా పడిపోవడంతో విదేశీయులకు ఆ ధరలు ఇంకా చవకయ్యాయి. పర్యాటకులు తిరిగి రాగానే అకిహబారా అలమరలు ఖాళీ కావడం, ధరల చీటీలు మారడం మొదలైంది. చివరికి స్థానిక యువకులకు తమ దేశపు పాత గేములు కొనడం కష్టమయ్యే పరిస్థితి ఏర్పడింది.

భారతదేశం, తెలుగు ప్రాంతాలు

ఈ మార్కెట్టులో భారతదేశం పాత్ర చాలా చిన్నది. 1990లలో మన పట్టణాల్లో పిల్లలు ఆడిన టీవీ గేములు చాలావరకు ఫ్యామికామ్‌కు నకళ్లు. ఒకే కాసెట్టులో వందల గేములున్నాయని చెప్పి అమ్మినవి అవే. అసలు కార్ట్రిడ్జులు మన మార్కెట్టుకు తక్కువగా వచ్చాయి కాబట్టి అమెరికా వేలాల్లో కనిపించే వస్తువులు ఇక్కడి అటకల మీద దొరకవు. సేకరించాలనుకునే భారతీయులు ఎక్కువగా విదేశాల నుంచే తెప్పించుకోవాలి. రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి ధర ఇంకా పెరుగుతుంది.

అయినా దాచుకోదగ్గ చరిత్ర మనకూ ఉంది. సోనీ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్'ను హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ తయారుచేసింది. గోలీలు, కబడ్డీ వంటి మన ఆటలతో అదే కాలంలో వచ్చిన 'దేశీ అడ్డా'ను హైదరాబాదులోని గేమ్‌శాస్త్ర చేసింది. భారతదేశంలో పూర్తిగా తయారైన తొలితరం కన్సోల్ గేములివి. మార్కెట్ వాటికి ఏ ధర కట్టినా, తెలుగు నేలమీద పుట్టిన సాంకేతిక చరిత్రలో వాటి స్థానం పక్కా. ఆ డిస్కులు, పెట్టెలు ఎవరి దగ్గరున్నా పారేయకుండా ఉంచడం అవసరం.

అమెరికాలోని తెలుగువారికి ఈ రంగం భౌగోళికంగా కూడా దగ్గరే. తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన డాలస్ ప్రాంతంలోని ఫ్రిస్కోలో 2016 నుంచి నేషనల్ వీడియోగేమ్ మ్యూజియం నడుస్తోంది. పాత యంత్రాలను పిల్లలు అక్కడ చేతబట్టి ఆడవచ్చు.

నకిలీలు

ధర పెరిగిన చోటికి నకిలీ వస్తుంది. పోకెమాన్ గేమ్ బాయ్ కార్ట్రిడ్జులకు ఆన్‌లైన్‌లో లెక్కలేనన్ని నకళ్లున్నాయి. పైకి ఒకేలా ఉన్నా లేబుల్ ముద్రణ, ప్లాస్టిక్ రంగు, లోపలి సర్క్యూట్ బోర్డుపై సంస్థ గుర్తు చూస్తే తేడా తెలుస్తుంది. చాలా నకళ్లలో ఆడిన ఆట నిలవదు. విప్పిన గేముకు మళ్లీ ప్లాస్టిక్ చుట్టి సీలు కాపీగా అమ్మడం మరో మోసం. 2022లో పాత పర్సనల్ కంప్యూటర్ గేముల సేకర్తల్లో వేల డాలర్ల నకిలీ పెట్టెలు బయటపడి పెద్ద కలకలం రేగింది. అమ్మకందారును కార్ట్రిడ్జ్ లోపలి బోర్డు ఫొటో అడగడం, సీలు కాపీ అయితే ప్లాస్టిక్ అతుకు ఎక్కడుందో పోల్చి చూడడం కొనేవారు పాటించవలసిన కనీస జాగ్రత్తలు.

వస్తువుల ఆయుష్షు

కార్ట్రిడ్జులోని మాస్క్ రోమ్ (ROM) చిప్పులు గట్టివి, దశాబ్దాలు నిలుస్తాయి. కానీ ఆటను గుర్తుంచుకోవడానికి చాలా కార్ట్రిడ్జుల్లో చిన్న బ్యాటరీ ఉంటుంది. అమెరికాలో 1987లో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా'తో మొదలైన ఈ పద్ధతి 'పోకెమాన్ గోల్డ్', 'సిల్వర్' వంటి గేముల్లోనూ కనిపిస్తుంది. బ్యాటరీ అయిపోతే దాచిన ఆట పోతుంది. దాన్ని టంకం వేసి మార్చాలి. డిస్కుల పూత పాడై చదవలేని స్థితికి రావచ్చు. సెగా గేమ్ గేర్ యంత్రాల్లో కెపాసిటర్లు కారడం అందరికీ తెలిసిన సమస్య. మొదటి ఎక్స్‌బాక్స్‌లో గడియారం కోసం పెట్టిన కెపాసిటర్ కారి బోర్డునే తినేస్తుంది. తుపాకీతో గురిపెట్టి ఆడే 'డక్ హంట్' వంటి గేములకు పాత పిక్చర్ ట్యూబ్ టీవీ తప్పనిసరి. అందుకే ఒకప్పుడు వీధిలో వదిలేసిన సోనీ ట్యూబ్ మానిటర్లకూ ఇప్పుడు రేటు పలుకుతోంది. సీలు విప్పని పెట్టెలోని గేము పనిచేస్తుందో లేదో ఎవరూ పరీక్షించలేరు. పరీక్షిస్తే దాని ధర పోతుంది.

ఖరీదైన కాపీ లేకుండా ఆడే మార్గాలు

ధరలు చూసి వెనక్కి తగ్గినవారికి దారులు లేకపోలేదు. నింటెండో 2016లో చిన్న ఎన్.ఇ.ఎస్. క్లాసిక్ యంత్రాన్ని, 2017లో సూపర్ నింటెండో క్లాసిక్‌ను తెచ్చింది. 2018లో మొదలైన నింటెండో స్విచ్ ఆన్‌లైన్ చందాలో పాత గేములు దొరుకుతున్నాయి. 'ఎర్త్‌బౌండ్' 2022 ఫిబ్రవరిలో అందులో చేరింది. 1999 నాటి 'సుయికోడెన్ 2' ఒకప్పుడు డిస్కుగా మాత్రమే, అదీ ఎక్కువ ధరకు దొరికేది. 2014 డిసెంబరులో కొనామి దాన్ని ప్లేస్టేషన్ ఆన్‌లైన్ దుకాణంలో పెట్టడంతో ఆడాలనుకున్నవారికి ఊరట దొరికింది.

మెమరీ కార్డు నుంచి గేములు నడిపే ఫ్లాష్ కార్ట్రిడ్జులు, పాత చిప్పుల పనితీరును హార్డ్‌వేర్‌లోనే పునఃసృష్టించే అనలాగ్ సంస్థ యంత్రాలు, మిస్టర్ ప్రాజెక్టు, పాత యంత్రాలను అనుకరిస్తూ కంప్యూటర్లలో నడిచే ఎమ్యులేటర్లు ఇంకో దారి. ఎమ్యులేటర్ తయారీ దానికదే కాపీరైట్ ఉల్లంఘన కాదని అమెరికా అప్పీళ్ల కోర్టు 2000లో సోనీ, కనెక్టిక్స్ కేసులో తేల్చింది. గేము ఫైలును అనుమతి లేకుండా పంచడం మాత్రం కాపీరైట్ ఉల్లంఘనే.

పరిరక్షణ

అసలు సమస్య ఇక్కడే ఉంది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం కొత్తగా కొనడానికి ఎక్కడా దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 జులైలో ప్రకటించిన అధ్యయనంలో తేలింది. పుస్తకం ముద్రణ ఆగిపోతే గ్రంథాలయం ఉంటుంది. గేము ముద్రణ ఆగిపోతే మిగిలేవి పాత వస్తువు, దాని ధర మాత్రమే. పరిశోధకులకు గ్రంథాలయాల గేములను దూరం నుంచి చూసే వీలు కల్పించాలన్న వినతిని అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో తిరస్కరించింది.

న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియం 2015లో వరల్డ్ వీడియో గేమ్ హాల్ ఆఫ్ ఫేమ్‌ను స్థాపించింది. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 2012లో 14 గేములను తన సేకరణలో చేర్చుకుంది. జపాన్ జాతీయ పార్లమెంటు గ్రంథాలయం 2000 నుంచి పెట్టెల్లో అమ్మే గేములను కూడా స్వీకరిస్తోంది. మ్యూజియాలు కూడా మార్కెట్టులో కొనవలసి వచ్చినప్పుడు పెట్టుబడిదారులతో పోటీ పడక తప్పదు. సేకర్తల పాత్రను తక్కువ చేయడానికీ వీల్లేదు. ఎన్నో నమూనా గేములు, విడుదల కాని ప్రతులు ఈనాడు అందరికీ తెలిశాయంటే వాటిని దాచి, ఫైళ్లుగా భద్రపరిచి పంచుకున్నది వారే. ఎవరికీ చూపకుండా తాళం వేసినవారివల్ల కొన్ని అందకుండా పోయిన మాటా నిజమే.

అంచనా

ధరలు పెరగడంవల్ల మంచీ జరిగింది, చెడూ జరిగింది. విలువ తెలిసినందువల్ల వేలాది కార్ట్రిడ్జులు చెత్తకుండీకి పోకుండా మిగిలాయి, మరమ్మతు పనివారికి పని దొరికింది. కానీ ఆటను పెట్టెలో బంధించి అంకె వేసి అమ్మే వ్యాపారం, ఆ ఆటను తయారుచేసినవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వదు, ఆడాలనుకునే పిల్లవాడికి దారి చూపదు. పాత గేములు పాత సినిమాల్లా మళ్లీ మళ్లీ చట్టబద్ధంగా విడుదల కావాలి, గ్రంథాలయాలకు వాటిని చూపించే హక్కు ఉండాలి. ఆ రెండూ జరిగిన చోట ఆడేవాడికి ఆట దొరుకుతుంది, అట్టపెట్టె మీద మోజున్నవారు అట్టపెట్టెకు ఎంతైనా ఇచ్చుకుంటారు. అంతవరకు కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవారు పాటించదగ్గ నియమం ఒక్కటే: ఆడాలనుకున్న గేమునే కొనండి, లాభం వస్తుందన్న ఆశతో కొనకండి.